స్పూల్ టేపు నుంచి కంప్యూటరుకు: తప్పు ఎక్కడుందో చెవితో పట్టుకోవడం

కిందటి వేసవిలో అమ్మ పుట్టింటి అటక మీద నుంచి ఒక 5 అంగుళాల స్పూలు దిగింది. అట్టపెట్టె మీద నీలం సిరాతో "నాన్నగారి పద్యాలు" అని, దాని కింద "3¾, 900 అడుగులు" అని రాసి ఉంది. తాతయ్య నాటకాల్లో పద్యాలు పాడేవారు. ఆయన గొంతు నేను ఎప్పుడూ వినలేదు. టేపు వాయించే మెషీను ఊళ్లో ఎవరింట్లోనూ పనిచేసే స్థితిలో లేదు. అమెరికాలో ఉండే మామయ్య తన దగ్గరున్న పాత టేప్ డెక్కును ఒక పెట్టె మొత్తం దానికే కేటాయించి మోసుకొచ్చాడు.

దాన్ని లాప్‌టాప్‌కి కలిపి మొదటిసారి వాయించినప్పుడు విన్నది ఇదీ. ఎడమ చెవిలో తాతయ్య గొంతు, కానీ బరువుగా, నిద్రమత్తులో ఉన్న మనిషిది లాగా. కుడి చెవిలో తలా తోకా తెలియని భాషలో ఇంకెవరో. వెనక హార్మోనియం పద్యం ఎత్తుకున్నప్పుడు వినిపించి, రెండు సెకన్లకే ఇంకిపోతోంది. అన్నిటి కిందా ఒక ఝుమ్మనే మోత. "టేపు పాడైపోయినట్టుందిరా" అన్నాడు మామయ్య. టేపుకి ఏమీ కాలేదు. అక్కడున్నవి నాలుగు వేర్వేరు లోపాలు. ఒక్కటీ టేపుది కాదు.

ఈ పనిలో చాలామంది ఓడిపోయేది ఇక్కడే. అన్ని లోపాలూ కలిసి ఒకే చెడ్డ శబ్దంలా వినిపిస్తాయి. దాంతో నేరుగా సాఫ్ట్‌వేర్ తెరిచి శుభ్రం చేయడం మొదలుపెడతారు. కానీ శబ్దం టేపు, మెషీను, తీగ, కంప్యూటరు అనే నాలుగు మజిలీలు దాటి వస్తుంది. ఏ మజిలీలో చెడిందో తెలియకుండా చివర్లో కూర్చుని బాగుచేయలేం. ఇంకో సంగతి కూడా మొదట్లోనే తెలుసుకోవాలి. కొన్ని తప్పుల్ని కంప్యూటరులో తరవాత నూటికి నూరుపాళ్లు సరిదిద్దవచ్చు. కొన్నిటిని టేపు తిరుగుతున్నప్పుడే సరిచేయాలి, ఆ క్షణం దాటితే మళ్లీ దొరకవు. టేపును ఆనుకుని చదివే భాగమైన హెడ్డు పట్టుకోని శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు.

మొదటి పరీక్షకు ఖర్చు లేదు. కంప్యూటరు తీసేసి, మెషీనుకే ఉన్న హెడ్‌ఫోన్ సాకెట్టులో వినండి. అక్కడే లోపం వినిపిస్తే అది టేపుదో మెషీనుదో. అక్కడ బాగుండి లాప్‌టాప్‌లో చెడితే తీగదో కంప్యూటరుదో. మా విషయంలో హెడ్‌ఫోన్‌లో హార్మోనియం నిలకడగా ఉంది, మోత కూడా బాగా తగ్గింది. బరువు గొంతు, తెలియని భాష మాత్రం అక్కడా ఉన్నాయి. అంటే నాలుగు తప్పులూ ఆ ఒక్క పరీక్షతోనే రెండు చొప్పున విడిపోయాయి.

వాయించే ముందు టేపును చూడండి

స్పూలును కిటికీ వెలుగుకి ఎదురుగా పక్కనుంచి పట్టుకోండి. చుట్టల గుండా వెలుతురు కనిపిస్తే అది అసిటేట్ టేపు. నల్లగా అడ్డుకుంటే పాలియెస్టర్. అసిటేట్ పెళుసుగా పుటుక్కున తెగుతుంది, కాబట్టి అతికించుకోవచ్చు. పాలియెస్టర్ తెగే ముందు సాగుతుంది, సాగిన చోట పాట పోయినట్టే. వెనిగర్ వాసన కొడితే అసిటేట్ కుళ్లడం మొదలైందని అర్థం. అలాంటి టేపును మిగిలినవాటి నుంచి వేరుచేసి ముందుగా దాని పని చూడాలి.

మన కోస్తా ఉక్కపోతలో ఎక్కువగా కనిపించేది బూజు. చుట్టల అంచుల మీద తెల్లగా నూగులా ఉంటుంది. మాస్కు పెట్టుకోవాలి, తడిగుడ్డ తగలనీయకూడదు. స్పూలును మూతున్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కొన్ని రోజులు ఆరనిచ్చి, తర్వాత పొడి మెత్తటి గుడ్డతో తుడవాలి. పాత అతుకులు సెల్లోటేపుతో వేసి ఉంటే దాని జిగురు పక్క చుట్టలకూ అంటుకుని ఉంటుంది. వాటిని విప్పి, స్ప్లైసింగ్ టేపు అని ప్రత్యేకంగా దొరికే దానితోనే మళ్లీ అతకాలి.

ఇంకో జబ్బు ఉంది. 1970, 80లలో తయారైన కొన్ని పాలియెస్టర్ టేపులు, ముఖ్యంగా స్టూడియోలు వాడిన ఆంపెక్స్ 406, 456 లాంటివి, గాలిలోని తేమ పీల్చుకుని జిగటగా మారతాయి. అయస్కాంత పొడిని పట్టి ఉంచే బంక విరిగిపోవడమే కారణం. టేపు కీచుమంటూ తిరుగుతుంది, హెడ్డు మీద గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. కీచు వినగానే ఆపేయండి, ఎందుకంటే ఆ మడ్డే మీ పాట. ఇలాంటివాటిని సుమారు 54 డిగ్రీల స్థిరమైన వేడిలో గంటల తరబడి ఉంచి ఆరబెడితే కొన్ని వారాలపాటు వాయించడానికి వీలవుతుంది. ఇంటి ఓవెన్ వేడి నిలకడగా ఉండదు, ఆ పని తెలిసినవాళ్లకే వదిలేయాలి. అసిటేట్ టేపును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేడి చేయకూడదు. 1960ల ఇంటి స్పూళ్లకు ఈ జిగట జబ్బు సాధారణంగా ఉండదు.

మెషీను

దశాబ్దాలుగా మూలన ఉన్న మెషీనును నేరుగా ప్లగ్గులో పెట్టకండి. రేడియో, టీవీ మెకానిక్‌ల దగ్గర బల్బు బిగించిన సిరీస్ బోర్డు ఉంటుంది, ముందు దాని గుండా కరెంటు ఇవ్వండి. లోపల షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, మెషీను కాలిపోదు. రబ్బరు బెల్టులు తారులా కరిగి ఉండవచ్చు. రబ్బరు రోలరు గట్టిపడి జారుతుంటే వేగం తూగుతుంది, పాట ఊయల ఊగినట్టు వినిపిస్తుంది. ఇవన్నీ విలువైన టేపు ఎక్కించకముందు, ఒక పనికిరాని టేపుతో పరీక్షించాల్సినవి.

హెడ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడవండి. మొదటి పుల్ల గోధుమరంగుకు తిరుగుతుంది. తెల్లగా వచ్చేదాకా పుల్లలు మార్చండి. గొంతు మూతికి గుడ్డ కట్టినట్టు వినిపిస్తే చాలాసార్లు కారణం ఈ మురికే. మిగతా కారణాల్లో ఒకటి టేపు మెలిపడి ఎక్కడం. మెరిసే వైపు హెడ్డుకు తగులుతుంటే శబ్దం సన్నగా, దూరంగా వస్తుంది. మసకగా ఉండే వైపు హెడ్డుకు ఆనాలి.

ఇవి రెండూ కాకపోతే అజిమత్. హెడ్డులో సన్నటి చీలిక ఉంటుంది, అది టేపు నడిచే దారికి సరిగ్గా నిలువుగా ఉండాలి. సెకనుకు 9.5 సెంటీమీటర్ల వేగంలో, అంటే పెట్టె మీద రాసిన 3¾ అంగుళాల వేగంలో, 10 కిలోహెర్ట్జ్ శబ్దం ఒక్కో అల టేపు మీద 9.5 మైక్రాన్ల పొడవే ఉంటుంది. మిల్లీమీటరు వెడల్పున్న ట్రాకును, అంటే టేపు మీద శబ్దం నమోదైన పట్టీని, చదివే హెడ్డు సుమారు అర డిగ్రీ పక్కకు వాలితే చాలు, చీలిక ఒక చివర అల శిఖరాన్నీ మధ్యలో లోయనీ ఒకేసారి చదువుతుంది. రెండూ కొట్టుకుపోయి ఆ శబ్దమే మాయమవుతుంది. ముందుగా పోయేవి స, శ, చ లాంటి అక్షరాల పదును. తెలుగు పద్యంలో అవి పోతే యతి ప్రాసలే మసకబారతాయి.

సరిదిద్దే పద్ధతి చెవితోనే. రెండు ఛానళ్లలో ఒకే శబ్దం ఉంటే వాటిని కలిపి మోనోగా, లేదంటే మీకు కావాల్సిన ఛానల్ ఒక్కదాన్నే వినండి. హెడ్డు పక్కనున్న చిన్న మరను, అది మొదట ఏ దిక్కున ఉందో గుర్తు పెట్టుకుని, ఒక్కో పిసరు తిప్పుతూ పదును గరిష్ఠంగా వినిపించే చోట ఆపండి. స్క్రూడ్రైవరుకు అయస్కాంతం ఉండకూడదు. రికార్డు చేసిన మెషీను హెడ్డు కూడా కొద్దిగా వాలి ఉండొచ్చు, కాబట్టి ప్రతి స్పూలుకూ ఈ పని కొత్తగా చేయాల్సిందే. మా తాతయ్య టేపుకు మర ఎనిమిదో వంతు చుట్టు కూడా తిరగలేదు. "శ్రీ" అన్న అక్షరంలో ఉన్నట్టుండి గాలి వినిపించింది. నా మటుకు మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా విలువైన మార్పు అదే, పైగా టేపు తిరిగేటప్పుడే చేయాల్సింది కూడా అదే.

బరువెక్కిన గొంతు

తాతయ్య అయిదు శ్రుతిలో పాడేవారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మాకు వినిపించింది మూడు శ్రుతిలో. కారణం మన గోడలోని కరెంటు. మామయ్య తెచ్చిన మెషీను అమెరికాది, 110 వోల్టులది. దానికోసం స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొన్నాం, అది వోల్టేజీని మార్చింది. కానీ అమెరికా కరెంటు సెకనుకు 60 సార్లు ముందుకీ వెనక్కీ వెళ్లొస్తుంది, మనది 50 సార్లు. ఏ ట్రాన్స్‌ఫార్మరూ ఆ సంఖ్యను మార్చదు. పాత మెషీన్లలో చాలావాటి మోటార్లు ఆ సంఖ్యను బట్టే తిరుగుతాయి. కాబట్టి ఆరడుగులు నడవాల్సిన టేపు అయిదడుగులే నడిచింది. హార్మోనియం మీద నల్ల మెట్లనూ కలిపి లెక్కిస్తే శ్రుతి మూడు మెట్లకు కాస్త పైగా దిగింది. పెట్టె మీది 900 అడుగులు 48 నిమిషాల్లో అయిపోవాలి, మాకు 57 నిమిషాలు దాటింది. మన దగ్గర కొన్న మెషీనును అమెరికా తీసుకెళ్లినవాళ్లకు దీనికి తలకిందులుగా, గొంతులు 20 శాతం వేగంగా, చిలక పలుకుల్లా వస్తాయి.

కొన్ని మెషీన్లలో 50, 60 మధ్య మార్చే స్విచ్చో, మార్చుకునే పుల్లీయో ఉంటుంది. డీసీ మోటారు ఉన్నవాటికి ఈ బాధే లేదు. మాదానికి ఏదీ లేదు. అయినా బెంగ పడలేదు, ఎందుకంటే ఇది తరవాత పూర్తిగా దిద్దగలిగిన తప్పు. శబ్దాన్ని రికార్డు చేసి దిద్దే సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో వేగం మార్చే ఆదేశంలో 1.2 రెట్లు అని ఇస్తే సరిపోతుంది. శ్రుతిని మాత్రమే మార్చేది, నిడివిని మాత్రమే మార్చేది అని పక్కనే వేరే ఆదేశాలుంటాయి. వాటి జోలికి పోవద్దు, అవి శబ్దాన్ని ముక్కలు చేసి అతుకుతాయి. వేగం మార్చేదొక్కటే టేపును నిజంగా వేగంగా తిప్పినట్టు రెండిటినీ కలిపి మారుస్తుంది.

1.2 సరైన సంఖ్యేనని నిర్ధారించుకోవడానికి టేపులోనే సాక్ష్యం దొరికింది. తాతయ్య పాడిన రోజున ఆ ఇంటి కరెంటు మోత కూడా సన్నగా టేపులోకి ఎక్కింది. అది 50 హెర్ట్జ్ అయి తీరాలి. మేం ఎక్కించిన శబ్దంలో పద్యానికీ పద్యానికీ మధ్య నిశ్శబ్దాన్ని ఎంచుకుని, సైజు 65536 పెట్టి స్పెక్ట్రమ్, అంటే ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ, గీయించాను. అడుగున రెండు మొనలు కనిపించాయి. ఒకటి 50 దగ్గర, రెండోది 41.7 దగ్గర. 50 ఇప్పటి మా మెషీను మోత. 41.7 అప్పటి ఇంటి మోత, మెల్లగా నడిచిన టేపులో కిందికి జారినది. 1.2తో హెచ్చవేస్తే 50 అవుతుంది. వేగం దిద్దాక ఆనాటి మోత తన చోటికి చేరింది, మా మెషీనుది 60కి ఎగబాకింది. ఆ 60ని మాత్రం కత్తిరించాను.

పెట్టె మీద వేగం రాసి లేకపోతే ఇదే పద్ధతి ఇంకా అక్కరకొస్తుంది. మీ మెషీనులో లేని వేగంలో, ఉదాహరణకు 4.75 సెంటీమీటర్లలో రికార్డయిన టేపును 9.5లో వాయించి, కంప్యూటరులో వేగాన్ని సగం చేయవచ్చు. పై స్థాయుల్లో, అంటే సన్నని పదునైన శబ్దాల్లో, కొద్ది తేడా వస్తుంది, దాన్ని ఈక్వలైజరుతో సర్దుకోవచ్చు. 19 సెంటీమీటర్ల వేగంలో యూరప్ పద్ధతి టేపును అమెరికా మెషీనులో వాయించినా అంతే, పైన సుమారు 3 డెసిబెల్స్ తగ్గుతాయి, తరవాత పెంచుకోవచ్చు.

కుడి చెవిలోని మనిషి

టేపు వెడల్పు 6.35 మిల్లీమీటర్లు. ఆనాటి ఇంటి మోనో మెషీన్లు చాలావరకు దీన్ని నిలువుగా రెండుగా పంచుకునేవి. పై సగం మీద ఒక వైపు, స్పూలును తిరగేసి పెడితే కింది సగం మీద రెండో వైపు, ఎదురు దిశలో. తరవాత వచ్చిన ఇంటి స్టీరియో మెషీన్లు అదే వెడల్పును నాలుగు చేశాయి. పైనుంచి ఒకటీ మూడూ ఒక దిక్కున ఎడమ, కుడి ఛానళ్లు. రెండూ నాలుగూ తిరగేసినప్పుడు. మామయ్య మెషీను నాలుగు ట్రాకులది, తాతయ్య టేపు రెండు ట్రాకులది. ఒకటో ట్రాకు హెడ్డు పై సగంలో పడి పద్యాన్ని చదివింది. మూడో ట్రాకు హెడ్డు కింది సగంలో పడి, రెండో వైపును తోక నుంచి తలకు చదివింది. తెలియని భాషలా వినిపించింది తిరగబడిన తెలుగే.

దీన్ని గుర్తుపట్టడానికి తబలా మంచి ఆనవాలు. మామూలుగా దెబ్బ ముందు, మోగడం తరవాత. తిరగబడితే శబ్దం మూలుగులా పెరిగి పెరిగి టక్కున తెగిపోతుంది.

ఇక్కడ ఎక్కువమంది చేసే పని కుడి ఛానల్‌ను పారేసి, ఎడమదాన్నే రెండు వైపులా అతికించడం. అలా చేయకండి. దాన్ని విడదీసి, వేరే ఫైలుగా పెట్టి, ఆడాసిటీలో రివర్స్ అన్న ఆదేశం ఇవ్వండి. ఒకే పరుగులో టేపు రెండు వైపులూ వచ్చేస్తాయి, పాత టేపును రెండోసారి శ్రమపెట్టే పని కూడా తప్పుతుంది. మా పెట్టె మీద రెండో వైపు గురించి ఒక్క మాటా లేదు. తిరగేసి వింటే మొదట గిన్నెల చప్పుడు, దూరంగా గేటు తీసిన శబ్దం, తరవాత అమ్మమ్మ గొంతు: "ఏమండీ, ఇది ఇంకా తిరుగుతూనే ఉందా?" ఆపైన ఇరవై నిమిషాలు ఇంట్లో మాటలు. అమ్మ ఆ రోజు ఆ ఇరవై నిమిషాలూ నిలబడే వింది.

తీగ

లాప్‌టాప్‌కి ఒకే సాకెట్టు ఉంటే అందులో వినే దారితో పాటు ఉండేది మైకు దారి. అది మోనో, కొద్ది మిల్లీవోల్టుల శబ్దం కోసం చేసినది. టేపు మెషీను లైన్ అవుట్ నుంచి వచ్చేది దానికి ఎన్నో రెట్లు ఎక్కువ, వోల్టులో మూడో వంతు దాకా ఉంటుంది. వాల్యూము ఎంత తగ్గించినా పగిలినట్టే వస్తుంది. పాత డెస్క్‌టాప్ వెనక లేత నీలం సాకెట్టు ఉంటే అది లైన్ ఇన్, దాన్ని వాడొచ్చు. గులాబీ రంగుది మైకుది. లేకపోతే లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ కొనాలి, ఈ పనిలో డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే.

యూరప్ మెషీన్లకు గుండ్రటి అయిదు పిన్నుల డిన్ సాకెట్టు ఉంటుంది. శబ్దం బయటికి వచ్చేది 3, 5 పిన్నుల మీద, 2 ఎర్తు. 1, 4 రికార్డింగు కోసం లోపలికి వెళ్లే దారులు. బజారులో దొరికే కొన్ని తీగలు 1, 4కే కలిపి ఉంటాయి. చప్పుడే రాకపోతే మెషీనును అనుమానించే ముందు మీటరుతో పిన్నులు చూసుకోండి.

మా ఝుమ్మనే మోతలో పెద్ద భాగం లాప్‌టాప్ చార్జరు తీయగానే పోయింది. మెషీనూ లాప్‌టాపూ రెండు వేర్వేరు దారుల్లో ఎర్తును చేరి, మధ్యలో తీగతో ఒక చుట్టు ఏర్పడటమే దానికి కారణం. బ్యాటరీ మీద రికార్డు చేయండి, లేదా రెండిటినీ ఒకే స్విచ్ బోర్డుకు పెట్టండి. అప్పటికీ పోకపోతే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బా మధ్యలో పెట్టుకోవచ్చు.

ఇంకిపోయే హార్మోనియం

ఇది కంప్యూటరు పని. లాప్‌టాప్‌లు ఫోను మాటల కోసం తయారై ఉంటాయి. మనిషి గొంతు కాక నిలకడగా మోగే ఏ శబ్దమైనా వాటి లెక్కలో ఫ్యాను చప్పుడే. శ్రుతి పట్టిన హార్మోనియం, తంబూరా, శ్రుతిపెట్టె, సన్నాయి వెనకాల ఊదే శ్రుతి, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. మొదట వినిపిస్తాయి, యంత్రం వాటిని రొద అని తేల్చుకున్నాక అణిచేస్తుంది. మన సంగీతానికి ఇంత చేటు చేసే అమరిక ఇంకొకటి లేదు, అది అడగకుండానే ఆన్‌లో ఉంటుంది. విండోస్ సౌండ్ సెట్టింగుల్లో మీరు వాడే ఇన్‌పుట్ తెరిచి, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ మొత్తం ఆఫ్ చేయండి. శబ్దం తగ్గినప్పుడల్లా తనంతట తాను పెంచే ఆటోమేటిక్ గెయిన్ ఉంటే అదీ తీసేయండి. మేం ఆపగానే హార్మోనియం పద్యం చివరిదాకా నిలిచింది. ఇలా అణిగిన శబ్దం రికార్డయ్యాక తిరిగి రాదు, మళ్లీ టేపు వాయించాల్సిందే.

ఇదే కారణానికి, తరవాత రొద తగ్గించే పనిలో కూడా చెయ్యి బిగించాలి. టేపు బుస్సుమనే శబ్దాన్ని పూర్తిగా తుడిచేస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. నేను కొంత బుస్సు ఉంచేశాను.

మిగతా అమరికలు సులువు. 24 బిట్లు, కనీసం 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు. గంటకు సుమారు ఒక గిగాబైటు అవుతుంది. అత్యధిక స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంచండి, పద్యగాయకుడు రాగం ఎత్తుకున్నప్పుడు మీటరు ఎరుపు తాకకూడదు. మధ్యమధ్య టిక్కుటిక్కుమంటే కంప్యూటరు శబ్దాన్ని అందుకోలేక వదిలేస్తోందని అర్థం. వైఫై, ఇతర ప్రోగ్రాములు ఆపి, ఇంటర్‌ఫేస్‌లోనూ సాఫ్ట్‌వేర్‌లోనూ ఒకే సంఖ్య, 48 అయితే రెండిట్లోనూ 48, ఉందో లేదో చూసుకోండి.

ఎక్కించిన మొదటి ఫైలును, మెల్లని గొంతుతో, తిరగబడిన కుడి ఛానల్‌తో సహా అలాగే దాచాను. దిద్దినవి వేరే ఫైళ్లు. పక్కనే ఒక చిన్న టెక్స్టు ఫైలులో వేగం 1.2 రెట్లు పెంచామని, కుడి ఛానల్ రెండో వైపని, ఏ రోజున ఏ మెషీను మీద వాయించామో రాసి, ఒక కాపీ మామయ్యతో పంపాను. స్పూలును వేగంగా వెనక్కి చుట్టలేదు. వాయించినప్పుడు పడిన చుట్ట సమంగా ఉంటుంది, నిలవకు అదే మేలు. పెట్టె మీద నీలం సిరా కింద పెన్సిలుతో ఒక వరుస చేర్చాను: "చివర పైకి ఉంది, ముందు వెనక్కి చుట్టాలి. రెండో వైపు అమ్మమ్మ."